లోపలి గీత, బయటి గీత

మా ముత్తాతగారు ఇనాందారు. బలిఘట్టం దగ్గర ఏటి ఒడ్డున ఉన్న పల్లపు భూముల్లో సగానికి పైగా ఆయనవే. మా తాతగారు తాలూకా బోర్డు మెంబరు. నర్సీపట్నానికి కొత్తగా వచ్చిన తాసీల్దారు ఎవరైనా సరే, ముందు మా వీధి అరుగు మీద కూర్చుని కాఫీ తాగాకే తన ఆఫీసు కుర్చీలో కూర్చునేవాడు. మా నాన్నగారికి పదవులేమీ లేవు. అయినా ఆయన బజారులో నడుస్తుంటే సైకిలు మీద వెళ్ళేవాళ్ళు దిగిపోయి, ఆయన దాటాక మళ్ళీ ఎక్కడం నేను కళ్ళారా చూశాను. వాళ్ళ ముగ్గురి తరువాత ఆ ఇంటికి మిగిలినదాన్ని నేనే. నాకు అన్నదమ్ములు లేరు. మా వారిని ఇల్లరికం తెచ్చుకున్నారు.

నేను రాయబోయేది ఒక చిన్నపిల్ల గౌను గురించి. గౌనుకి ముత్తాతలెందుకని ఎవరైనా అనుకోవచ్చు. ఆ గౌను నేను కత్తిరించిన తీరుకి కారణం వాళ్ళే.

నా చిన్నతనంలో దసరాకి పది రోజుల ముందు దర్జీ తన మిషనుతో సహా మా ఇంటికి వచ్చేవాడు. టేకు స్తంభాల మధ్య అరుగు మీద చాప పరిచి, పొద్దున్నించి పొద్దుగూకే దాకా ఇంటిల్లిపాదికీ కుట్టేవాడు. మా నాయనమ్మ గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుని చూసేది. ఒక ఏడు ఆ దర్జీ నా గౌను అడుగున నాలుగు వేళ్ళ వెడల్పు మడత పెట్టి కుట్టాడు. పిల్ల ఎదిగితే మడత విప్పుకోవచ్చని అతని మంచి ఆలోచన. మా నాయనమ్మ గౌను చేతిలోకి తీసుకుని, మడత చూసి, అతని ముందే దారం తెంపించింది. "వచ్చే ఏడు మా పిల్లకి గుడ్డ దొరకదనా నీ ఉద్దేశం?" అంది. అతను తల వంచుకుని విప్పాడు. అప్పుడు నాకు ఏడేళ్ళు. మడత లేని గౌను వేసుకునే పిల్లలు వేరు, మడత గౌను పిల్లలు వేరు అని ఆ రోజే నా బుర్రలో పడిపోయింది.

డెబ్భైల నడుమకి వచ్చేసరికి మా ఇంటికి ఏ దర్జీ రావడం లేదు. కోర్టు వ్యాజ్యాలూ, భూపరిమితి చట్టమూ, నాన్నగారి పెద్ద చెయ్యీ కలిసి పొలాలన్నిటినీ చూసుకున్నాయి. నాన్నగారు పోయిన మరుసటి ఏడు, తాతగారు కచేరీ పెట్టిన వీధి వైపు రెండు గదులూ అద్దెకి ఇచ్చాం. పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా ఒకాయన, ఆయన భార్య, వాళ్ళకొక కూతురు. ఆ పిల్ల మా అమ్మాయి కంటే ఏడాది పెద్దది. కచేరీకీ మా హాలుకీ మధ్య ఒక తలుపు ఉంది. వాళ్ళు దిగిన రోజే మా వైపు గడియ వేయించాను.

గుమాస్తాగారి భార్యది మాకవరపాలెం వైపు పల్లె. వాళ్ళ నాన్న నాలుగెకరాల రైతు. వచ్చిన రోజు సాయంత్రం ఒక గిన్నెలో పాయసం పట్టుకుని మా పెరటి గుమ్మంలోకి వచ్చి, "ఏటక్కా, దీపం ఎట్టీసినారా?" అని అడిగింది. అంతకు ముందు మా గుమ్మంలో నిలబడ్డవాళ్ళెవరూ నన్ను అక్కా అనలేదు. అమ్మగారూ అనేవారు, లేకపోతే ఊరుకునేవారు. ఆవిడ మాత్రం నిన్నా మొన్నా కలిసి బడికి వెళ్ళినట్టు అక్కా అంది. నేను గిన్నె అందుకుని, ఖాళీ గిన్నె మర్నాడు పనిమనిషి చేత పంపాను.

ఆవిడకి చేత్తో తిప్పే కుట్టు మిషను ఒకటి ఉంది. నెల తిరక్కుండా వీధిలో ఆడవాళ్ళంతా మధ్యాహ్నం పూట ఆ గదుల్లో చేరడం మొదలయింది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకుండా పిల్లల బట్టలు కుట్టడం నేర్పేది. అంతమంది ఆడవాళ్ళు మా కచేరీ గదిలో కూర్చోవడం మా నాయనమ్మ పెళ్ళి తరువాత అదే మొదటిసారి అయి ఉంటుంది. కానీ వాళ్ళు వచ్చింది మా కోసం కాదు.

నేను వెళ్ళలేదు. పిలిచింది, రెండుసార్లు పిలిచింది. నాకు పనుందన్నాను. ఆ పని ఏమిటంటే, మధ్య తలుపు దగ్గర కుర్చీ వేసుకుని బియ్యం ఏరుతూ ఆవిడ చెప్పేది వినడం. మా ఇంట్లో ఆ మూడు నెలలూ అన్నంలో ఒక్క రాయి రాలేదని మా వారు ఇప్పటికీ అంటారు.

ఆవిడ నేర్పే పద్ధతి నాకు నచ్చింది. అందుకే మరింత మంటగా ఉండేది. అంకెలు రానివాళ్ళకి అంకెల జోలి లేకుండా చెప్పేది. పిల్ల పాత గౌను ఒకటి తీసి పేపరు మీద పరచాలి. చుట్టూ పెన్సిలుతో గీత గీయాలి. దాని బయట రెండు వేళ్ళు వదిలి ఇంకో గీత గీయాలి. చంక దగ్గర గుండ్రం సరిగ్గా రాకపోతే కాఫీ గ్లాసు బోర్లించి గీసుకోవాలి. మొదట జబ్లా కుట్టించేది. ముందొక ముక్క, వెనకొక ముక్క, భుజాల మీద ముడి. చేతులు లేవు, గుండీలు లేవు, తప్పు పోవడానికి చోటే లేదు. అది వచ్చాక లాగు. నాలుగు మడతలు వేసిన గుడ్డకి ఒకే కత్తిరింపు, నడుముకి ఎలాస్టిక్కు. ఆ తరువాతే గౌను. పై భాగం విడిగా, కింది కుచ్చులు విడిగా కత్తిరించి, రెండూ నడుము దగ్గర కలపాలి. బుట్ట చేతులు అందరికీ ఆఖర్న.

అలా కత్తిరించిన పేపర్లన్నిటినీ, దుకాణంలో చీటీలు గుచ్చే ఇనప చువ్వ ఒకటి సంపాదించి, దానికి గుచ్చి గోడకి వేలాడదీసింది. ఒక్కొక్క దాని మీద రెండేళ్ళు, మూడేళ్ళు, అయిదేళ్ళు అని రాసి ఉండేది. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుపోయి మళ్ళీ తెచ్చి గుచ్చేవారు.

ప్రతి కొత్త మనిషికీ ఆవిడ ఒకే మాట చెప్పేది. తలుపు ఇవతల నించి ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో. "లోపలి గీత పిల్లది. బయట గీత మనది."

ఆ మాట నాకు చక్కగా అర్థమయిందనుకున్నాను. లోపలి గీత పిల్ల ఒంటి అసలు కొలత. బయటి గీత, ఒక గౌను నాలుగేళ్ళు తొడిగే ఇళ్ళవాళ్ళు పెట్టుకునే వదులు. మనది అంటే వాళ్ళది. ఆవిడదీ, ఆ గదిలో చాప మీద కూర్చున్న మిగతా వాళ్ళదీ. నాయనమ్మ విప్పించిన మడతే మరో రూపంలో వచ్చిందనుకున్నాను. ఆ మనలో నేను లేను.

మా అమ్మాయి మాత్రం ఆ మనలో ఎప్పుడో కలిసిపోయింది. బడి వదలగానే పుస్తకాల సంచీ మా హాల్లో పడేసి, వీధి వైపు నించి చుట్టూ తిరిగి వాళ్ళ గదిలోకి దూరేది. ఆవిణ్ణి పిన్నీ అనేది. ఇంటికి వచ్చేసరికి పిల్ల జుట్టు మిషను నూనె వాసన వేసేది. నేను తల దువ్వుతుంటే పిన్ని ఇలా లాగదు అనేది. పిన్ని దారం ఎక్కించమంటే నేను ఒక్కసారికే ఎక్కించేశాను అనేది. నాకు సూదిలో దారం ఎక్కించిపెట్టాలని దానికి ఎప్పుడూ తోచలేదు. ఎలా తోస్తుంది, నేను సూది పట్టుకుంటే కదా.

ఒకరోజు ఆ పిల్లల మధ్య గౌను మాట వచ్చింది. ఆవిడ కూతురి గౌను అడుగున మూడు వరసల మడతలుండేవి, పైన సన్నటి గొలుసు కుట్టుతో, అదొక అలంకారంలా. ఆ ఏడు ఒక మడత విప్పారు. సాయంత్రం మా అమ్మాయి ఏడుపు మొహంతో వచ్చి అడిగింది. "అమ్మా, దాని గౌను పెరుగుతుందంట. నా గౌను ఎందుకు పెరగదు?"

మన ఇంట్లో గౌన్లు పెరగవమ్మా, కొత్తవి వస్తాయి అని చెప్పాను. అప్పటికి ఏడాదిన్నరగా దానికి కొత్త గౌను రాలేదు.

ఆ చలికాలంలోనే బడి వార్షికోత్సవం అన్నారు. జిల్లా నించి పెద్ద అధికారి వస్తున్నాడు, ఆయనకి పూలదండ వేయడానికి మా అమ్మాయిని ఎంచారు. నిటారుగా నిలబడుతుందని ఎంచామని టీచరమ్మ చెప్పింది. అది ఎక్కడినించి వచ్చిందో నాకు తెలుసు. ఆ బడి పునాది రాయి మీద మా తాతగారి పేరుంది. సున్నం మీద సున్నం వేసి అక్షరాలు పూడిపోయాయి గాని, వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. ఒకప్పుడు అలాంటి సభల్లో దండ వేయించుకునేది మా తాతగారే. ఇప్పుడు మా ఇంటి నించి దండ వేయడానికి వెళుతున్నారు. సరే. కానీ ఆ పిల్ల ఒంటి మీద గౌను మా ఇంటిదై ఉండాలి, నా చేతిదై ఉండాలి. అద్దె గదిలోంచి వచ్చినది కాకూడదు. నాకు కావలసింది అంతే.

ఎందుకంటే ఆవిడ అప్పటికే అడిగేసింది. పెరటి గోడ దగ్గర బట్టలు ఆరేస్తూ, "పాపకి నేను కుట్టీనా అక్కా? మా పిల్ల కోసం తెచ్చిన పాప్లిను ఉంది," అంది. అక్కర్లేదు, కుట్టడం అయిపోయిందని చెప్పాను. గుడ్డ కూడా అప్పటికి కత్తిరించలేదు.

మా నాయనమ్మ చీరల్లో చివరిది, చివికినంత మేరా పోగా మిగిలిన గజంన్నర ముక్క, నా పెట్టెలో ఉంది. నెమలికంఠం రంగు పట్టు, జానెడు జరీ అంచు. నాన్నగారు అమ్మకి కొన్న తొక్కుడు మిషను అటక కింద ఉంది. పెళ్ళికి ముందు దాని మీద అంచులు కుట్టడం అమ్మ నేర్పింది, కత్తిరించడమే ఎప్పుడూ చేయలేదు. మా వారి చేత దానికి నూనె పోయించాను. ఇక కావలసింది పేపరు కత్తిరింపు. ఒక శనివారం ఆవిడ సంతకి వెళ్ళింది. మధ్య తలుపు గడియ మా వైపే ఉంది. తీశాను. చువ్వ నించి మా అమ్మాయి వయసుది, అయిదేళ్ళ గౌను పేపరు తీసి, మా హాల్లోకి తెచ్చుకుని, గీతలు రెండూ నా పేపరు మీదికి దింపుకుని, తిరిగి దాని చోట దాన్ని గుచ్చేసి గడియ వేశాను. అంతా అరగంట పని. మా తాతగారి సొంత గదిలో నేను దొంగతనం చేశానని అప్పుడు అనిపించలేదు. గది మాది కదా అనుకున్నాను.

పట్టు పరిచి, పేపరు పెట్టి, సుద్దతో గీసి, లోపలి గీత మీద కత్తిరించాను. రెండు వేళ్ళూ తీసేశాను. ప్రతి అంచునా. ఆ సన్నటి పట్టు ముక్కలు ఎవరి కంటా పడకూడదని, నేను మొదటిసారి కత్తిరిస్తున్నానని తెలియకూడదని, అప్పటికప్పుడే పొయ్యిలో పెట్టేశాను. జరీ అంచు కింద కుచ్చులకి వచ్చింది. అడుగున మడత పెట్టలేదు. నాలుగు రోజులు కుట్టాను. పిల్లకి తొడిగి చూడలేదు. అది వెంటనే వెళ్ళి పిన్నికి చెప్పేస్తుందని భయం. వార్షికోత్సవం రోజు పొద్దున్న తలంటి పోసి, తల ఆరబెట్టి, గౌను తీశాను. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. ఆ ఒక్క క్షణం నాదే, అది ఎవరూ తీసుకోలేరు.

తల దూరింది. చేతులు సగం దూరాయి. చంకల దగ్గర పట్టేసింది. వీపున గుండీలకీ కాజాలకీ మధ్య జానెడు ఒళ్ళు కనిపిస్తోంది. లాగాను. కుట్టు చిటుక్కుమంది. పిల్ల చేతులు కిందికీ రావు, పైకీ పోవు. చేలో దిష్టిబొమ్మలా చేతులు చాపుకుని నిలబడి, ముందు నవ్వింది, తరువాత ఏడుపు అందుకుంది. "పిన్నిని పిలు అమ్మా," అంది.

సభ పదకొండుకి. అప్పటికి తొమ్మిది దాటింది. పిల్లని మాన్పించేద్దామని అనుకున్నాను. జ్వరమని కబురు పంపితే చాలు. పాత గౌను వేసి పంపడం కంటే, వేరొకరి గౌను వేసి పంపడం కంటే అదే మేలనిపించింది. కాగితం కూడా తీసుకున్నాను రాయడానికి. పిల్ల ఆ చాపిన చేతులతోనే వెళ్ళి మధ్య తలుపుని తలతో కొట్టడం మొదలుపెట్టింది. అవతల నించి ఆవిడ గొంతు, ఏటయింది, ఏటయిందని.

గడియ నేనే తీశాను.

ఆవిడ పిల్లని చూసింది, గౌను చూసింది, ఒక చంక కింద వేలు పెట్టి కుట్టు అంచు తిప్పి చూసింది. అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఆవిడ ఒకటే అడిగింది. "ఏ గీత మీద కత్తిరించారక్కా?"

నేను పేపరు తీసిన సంగతి ఆవిడకి తెలిసిపోయిందని నాకూ తెలిసిపోయింది. "లోపలి గీత," అన్నాను.

"అది పిల్లది కదా."

"బయటిది మీది కదా," అన్నాను.

ఆవిడ మొహం అయోమయంగా పెట్టి, "మాదేటి? మనది," అంది. "కుట్టేవోలిది. కుట్టు లోనకెళ్ళడానికి జాగా వద్దేటి? పిల్లకి ఊపిరాడొద్దేటి?" అని, బేగి విప్పమని కత్తెర నా చేతిలో పెట్టింది. "ముక్కలు తెండి, చంకల్లో ఏసేద్దాం."

ముక్కలు లేవన్నాను. ఏమయ్యాయంటే చెప్పక తప్పలేదు. ఆవిడ, "పొయ్యిలో ఎట్టీసినారా? అయితే ఆ పూట మీరు తాగింది జరీ కాఫీ," అంది. వాళ్ళ పిల్ల కిసుక్కుమని నవ్వింది. మా పిల్ల కూడా నవ్వింది. నేను కుట్టు విప్పుతున్నాను.

ఆ చీరలో ఇక ముక్క మిగల్లేదు. ఆవిడ తన కూతురి కోసం దాచిన ఎర్ర పాప్లిను తెచ్చి, నాలుగు వేళ్ళ వెడల్పున రెండు పట్టీలు చించింది. చేతి అంచు నించి చంక కిందుగా, నడుము మీదుగా, అడుగు అంచు దాకా రెండు పక్కలా ఆ పట్టీలు వేసేసింది. జరీ అంచు దగ్గర నా కుట్టు మీద చేయి ఆపి, మీ చెయ్యి సన్నం అక్కా, కుట్టు బాగుంది అంది. ఆ మాటకి సంతోషించానో మండిపోయానో ఇప్పటికీ చెప్పలేను. పదిన్నరకి పిల్ల గౌనులో ఉంది. అద్దెగది గుమ్మం లోంచే వీధిలోకి దిగి బడికి వెళ్ళింది, ఒక చెయ్యి నాకిచ్చి, ఒక చెయ్యి ఆవిడకిచ్చి.

వచ్చిన అధికారి మంచి పొడగరి. మా అమ్మాయి దండ వేయడానికి రెండు చేతులూ బాగా పైకెత్తవలసి వచ్చింది. నెమలికంఠం పట్టులోంచి రెండు ఎర్ర పట్టీలు సభంతటికీ కనిపించాయి. నేను మూడో వరసలో కూర్చుని నా చేతుల వైపు చూసుకున్నాను. తల ఎత్తలేదు. ఊళ్ళో పెద్దలంతా ఉన్నారు, మా నాన్నగారిని చూసి సైకిలు దిగినవాళ్ళున్నారు, వాళ్ళకి ఇక మా ఇంటి సంగతి విప్పి చెప్పనక్కర్లేదనుకున్నాను.

నా వెనక కూర్చున్న ఒకావిడ పక్కావిడతో, పట్నం ఫ్యాషను కాబోలు, చూడు పక్కల ఎర్ర పట్టీ అంది.

సోమవారం మధ్యాహ్నం కచేరీ గదిలో చాప చాలలేదు. అందరికీ పట్టీ గౌనే కావాలి. పాత గౌను చాలకపోతే పక్కలు విప్పి పట్టీ వేసుకుంటే సరి, నేర్చుకోవడానికి ఇంతకంటే సులువైనది లేదని ఆవిడ చెబుతోంది. నేను తలుపు ఇవతల ఉన్నాను. నా తప్పుకి ఒక పేపరు కత్తిరించి, అది కూడా చువ్వకి గుచ్చింది. మా అమ్మాయే వచ్చి చెప్పింది, దాని మీద ఏళ్ళు రాయలేదు, అక్క గౌను అని రాసిందని.

తీసేయమని చెప్పడానికి వెళ్ళాను. అప్పటికి గదిలో పదిమంది ఉన్నారు. ఒకావిడ జరిగి చాప మీద నాకు చోటిచ్చింది. నేను కూర్చోలేదు, నిలబడే ఉన్నాను, చెప్పదలచుకున్నదీ చెప్పలేదు. నెమలికంఠం గుడ్డ కత్తిరించిన చెయ్యి ఎవరిదో ఆవిడ ఆ పదిమందికీ చెప్పుకుపోతోంది. మా అమ్మాయి ఆవిడ మోకాలి మీద తల పెట్టి, సూదిలో దారం ఎక్కిస్తోంది.

పట్టు గౌను మరో మూడేళ్ళు దాని ఒంటికి సరిపోయింది. ప్రతి ఏడూ వేసవిలో ఆవిడ ఆ రెండు పట్టీలూ విప్పి, మరికాస్త వెడల్పువి వేసేది. ఒక ఏడు ఆకుపచ్చవి, ఒక ఏడు పసుపువి. మా అమ్మాయి వీధిలో కనిపించినవాళ్ళందరికీ చెప్పేది, నా గౌను కూడా పెరుగుతుందని. పిన్ని పెంచిందని చెప్పేది. కుట్టింది అమ్మ అని కూడా చెప్పేదో లేదో, నేను ఎప్పుడూ అడగలేదు. కాదంటుందేమోనని.

నేను ఆ తరువాత చాలా కుట్టాను. జబ్లాలు, లాగులు, బుట్టచేతుల గౌన్లు. బయటి గీత మీదే కత్తిరించాను. కానీ పిల్లలు నా దగ్గరికి కొలతలకి వచ్చి నిలబడితే ఇంకా నిటారుగా నిలబడతారు, ఆవిడ దగ్గర వంగి ముచ్చట్లు చెబుతారు. ఆవిడ మీద నాకు ఉన్నదాన్ని కోపమంటే అబద్ధం. ఆవిడ నాకు చేసిన చెడు ఒక్కటీ లేదు. వెతికాను, దొరకలేదు.

ఎనభైల మొదట్లో ఆవిడ బోర్డు కట్టి దుకాణం పెడతానంది. వీధి మొహం కావాలంది. కచేరీ గదులు రెండూ, అరుగూ, అరుగు మీది టేకు స్తంభాలూ వాళ్ళకే అమ్మాం. మధ్య తలుపు ఉన్నచోట గోడ కట్టారు.